మోసేవాళ్లకు చోటు

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

పొద్దున్నే నా భార్య గౌరీ, నేనూ తెప్ప అంచున కూర్చుని, పొడుగు కర్రకు కట్టిన రేకుతో అడుగు డబ్బాలకు పట్టిన గుల్లలు గీకాం. సముద్రం మీద తేలే మా తేలూరులో ఉన్న పనులన్నిటిలోకీ నిజాయితీ గల పని ఇదొక్కటే. గుల్ల ఊడుతుంది, లేదా ఊడదు. మాటలతో ఊడబెరకడం కుదరదు. నా ఉద్యోగం మాత్రం పూర్తిగా మాటల మీదే నడుస్తుంది.

నా తర్వాత ఈ కండువా వేసుకునేవాళ్ల కోసం దినచర్య రాయడం ఆనవాయితీ కనుక ఉద్యోగం సంగతి రెండు ముక్కలు రాస్తాను. దాని పేరు హేతువరి. ఊళ్లో మాత్రం అందరూ 'ఎందుకు మాస్టారు' అంటారు. తగువులు తీర్చేది తీర్పరి అనే యంత్రం. మొదట్లో అది చట్టాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటించేది. చీకటి పడ్డాక తెప్ప మీద నిప్పు రాజేయకూడదన్న చట్టం చూపించి, పురిటిబిడ్డకు నూనె వెచ్చబెట్టిన ఇంటికి మంచినీళ్లు ఆపేసింది. అప్పటి పెద్దలు హడలిపోయి, ఇకమీదట ప్రతి చట్టంతో పాటు అది ఎందుకు పుట్టిందో కూడా యంత్రానికి చెప్పాలని నిర్ణయించారు. ఆ చెప్పేవాణ్ణి నేను. పౌర్ణమి సభలో ఎవరైనా లేచి ఏ చట్టాన్నైనా 'ఎందుకు?' అని అడగవచ్చు. నేను కారణం చెబితే చట్టం నిలుస్తుంది. 'తెలియదు' అంటే అది నిద్రపోతుంది, నేను కండువా తీసి సభ గంటకు కట్టేసి ఇంటికి పోవాలి. నా హయాంలో ఒక్క చట్టమూ కునుకు తీయలేదు.

గుల్లలు గీకుతుండగా వలలు కట్టే నూకరత్నం చిన్న పడవ వేసుకుని వచ్చింది.

"మాస్టారూ, పున్నం సభలో పడక సట్టం అడుగుదారనుకుంటన్నాను. ముందుగా సెప్పడం మర్యాద కదా అనీసి వచ్చాను."

పడక చట్టమంటే, తెప్ప కట్టినప్పుడు ఎన్ని పడకలు రాసుకున్నారో అంతమందే అందులో ఉండాలి. వైశాఖపు తుఫానుకి నూకరత్నం తల్లి ఎర్నమ్మ తెప్ప విరిగిపోయింది, ఎర్నమ్మ కాళ్లూ పోయాయి. చోటు లేనివాళ్లందరితో పాటు ఆవిణ్ణి సత్రం తెప్పలో పెట్టారు. నూకరత్నం తెప్పలో ఖాళీ పడక లేదు.

"నా పక్కలో పడుకోబెట్టుకుంటాను. కాదంటే నాను కింద పడుకుంటాను. తెప్పేటైనా ములిగిపోతాదా?"

మునగదని నాకు తెలుసు. ఆ చట్టం ప్లాస్టిక్ పీపాల మీద తెప్పలు కట్టిన కాలం నాటిది. అప్పట్లో మనిషి ఎక్కువైతే తెప్ప ఒరిగేది. ఇప్పటివాటి మీద ఏనుగును నిలబెట్టినా చెక్కుచెదరవు. ఆ చట్టానికి కారణం ఎప్పుడో చచ్చిపోయింది, చట్టం మాత్రం బతికి ఉంది.

"సభలో అడుగమ్మా, చెబుతాను" అన్నాను.

"తెలీకపోతే తెలీదని సెప్పీండి మాస్టారూ. అందులో తప్పేటున్నాది?"

ఆమె మంచిగానే అంది. నాకే ఎక్కడో చురుక్కుమంది.

ఆశ్వయుజ పౌర్ణమి

పొద్దుటి పోటు మీద సభ జరిగింది. ఊరంతా వచ్చింది. సభకు ముందు సభాపెద్ద దాలినాయుడు నన్ను పక్కకు పిలిచి, "ఈ సట్టం నిద్దరోతే రేపొద్దున్న ప్రతోడూ దూరపు చుట్టాన్ని తెచ్చి తెప్ప మీద కూకోబెడతాడు. ఏదోటి చెప్పీయండి మాస్టారూ" అన్నాడు. ఆయన చెప్పకపోయినా నేను చెప్పేవాణ్ణే. అది ఆయన మీదకు నెట్టదలచుకోలేదు.

నూకరత్నం లేచి అడిగింది. నేను లేచాను.

"సముద్రం మీద చోటు ఎవరికీ పుట్టుకతో రాదు. కాలు పెట్టే ప్రతి పలక కింద పదిమంది చేతుల కష్టం ఉంది. ఈ ఊరిని మోసేవాళ్లది ఈ ఊళ్లో చోటు. మోయించుకునేవాళ్లకు మనం ఇచ్చేది దయ. దయ గొప్పదే, సత్రం అందుకే కట్టుకున్నాం. కానీ దయను హక్కు చేస్తే అది దయా కాదు, హక్కూ కాదు. మోసేవాళ్లకు చోటు, మోయించుకునేవాళ్లకు దయ. పడక చట్టం నిలబడింది ఈ మాట మీద."

నిన్న రాత్రి దాకా ఇందులో ఒక్క ముక్క కూడా నా బుర్రలో లేదు. తెల్లవారుజామున పళ్లు తోముకుంటుంటే తట్టింది. తట్టగానే ఎంత బాగుందో అనుకున్నాను తప్ప, నిజమా కాదా అని అనుకోలేదు.

సభ నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దమంటే నాకు ఎంత యావో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. తర్వాత చప్పట్లు మోగాయి. తీర్పరి ఎప్పటిలాగే అడిగింది: "హేతువరి గారూ, ఈ కారణానికి గట్టు ఎక్కడ?"

ప్రతిసారీ అడిగే ప్రశ్నే అది. కారణం ఎక్కడిదాకా వర్తిస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. చట్టానికైతే కంచె ఉంటుంది, కారణానికి మనమే వేయాలి. ఎప్పుడూ బుద్ధిగా వేసేవాణ్ణి. ఇవాళ చప్పట్లు ఇంకా మోగుతుండగా ఛాతీ విరుచుకుని, "నిజమైన కారణానికి గట్టు ఉండదు" అన్నాను. మళ్లీ చప్పట్లు.

నూకరత్నం కూర్చోలేదు. "అయితే మా యమ్మ బరువన్నమాట" అంది. కోపంగా కూడా అనలేదు. నేను కండువా సర్దుకున్నాను.

ఇంటికొచ్చాక గౌరి నాకు అన్నం పెట్టి, గుల్లలు గీకే కర్ర తీసుకుని ఒక్కతే తెప్ప అంచుకు పోయింది.

ఆశ్వయుజ బహుళ తదియ

దాలినాయుడు వంజరం చేప పంపించాడు. పెద్దది. పులుసు పెట్టించుకుని తిన్నాను. బాగుందని రెండోసారి కూడా వేయించుకున్నాను.

వలల పాక మీద ఎవరో నా మాటను సున్నంతో రాశారు. పిల్లలు తాడాట ఆడుతూ 'మోసేవాళ్లకు చోటు' అని ఒక కాలు మీద, 'మోయించుకునేవాళ్లకు దయ' అని రెండో కాలు మీద గెంతుతున్నారు. పక్క తెప్ప ఆవిడ, చదువుకున్న మనిషి, "ఎన్నాళ్లనుంచో మా మనసులో ఉన్నదే మీరు పైకి చెప్పారు" అంది. అది మెచ్చుకోలని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తోంది.

ఆశ్వయుజ బహుళ అష్టమి

నీళ్ల కోసం బయల్దేరుతుంటే సూరన్న తాత తన మంచాన్ని తనే నెత్తిన పెట్టుకుని, వంతెన పలకల మీంచి సత్రం వైపు పోతూ కనిపించాడు. సొంత తెప్ప, సొంత కొడుకు, సొంత పడక ఉన్న మనిషి. కళ్లు కనబడక ఏడాదిగా పనిలోకి పోవడం లేదు. తీర్పరి ఆ పడకను ఒక గజ ఈతగాడికి రాసిచ్చిందట.

"ఇదేమిటి తాతా?" అంటే, గొంతు గుర్తుపట్టి ఆగి, "నువ్వే కదా సెప్పినావు బాబూ. నాయంగానే ఉన్నాది" అన్నాడు. కొడుకు వెనకాల తల వంచుకుని నడుస్తున్నాడు.

బిందె అక్కడే వదిలేసి సభ తెప్పకు పరిగెత్తాను.

"నేను చెప్పింది పడక చట్టం గురించి. సూరన్న తన పడకలోనే ఉన్నాడు. ఆ చట్టం ఎక్కడ తప్పాడు?"

"చట్టం తప్పలేదు. కారణం తప్పారు" అంది తీర్పరి. "మోసేవాళ్లకు చోటు అన్నారు. ఆయన మోయడం లేదు. గట్టు ఎక్కడ అని అడిగాను. నిజమైన కారణానికి గట్టు ఉండదన్నారు."

"అది మాటవరసకి అన్నాను."

"మాటవరసకి అన్నదేదో, నిజంగా అన్నదేదో నాకు తెలియదు. అందుకే మీరున్నారు."

యంత్రానికి వెటకారం రాదు. వచ్చి ఉంటే కొంత నయంగా ఉండేది, తిరిగి తిట్టేవాణ్ణి.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

అప్పుడే 'తెలియదు' అని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. నా తెలివి మీద నాకు ఇంకా నమ్మకం చావలేదు. కారణాన్ని సరిదిద్దే హక్కు హేతువరికి ఉంది కదా అని, ఒక అతుకు వేశాను. 'మోసినవాళ్లు కూడా మోసేవాళ్లతో సమానం' అన్నాను. సూరన్న తాత తన మంచంతో వెనక్కి వచ్చాడు. నేను కాలరెగరేసుకుంటూ ఇంటికి వచ్చాను.

సాయంత్రానికల్లా, మోసినవాళ్ల కొత్త లెక్కలో, ఇంతవరకూ ఏమీ మోయని, ఇకమీదట మోయలేదని వైద్యులు తేల్చిన ఒక పిల్లను తీర్పరి సత్రానికి పంపింది. మూర్ఛలొచ్చే పిల్ల. తల్లి పిల్లను వదలలేక తన పడక కూడా వదులుకుని వెంట పోయింది. రొంపిలోంచి ఒక కాలు తీయబోతే రెండో కాలు దిగబడింది.

ఎర్నమ్మ సంగతి కూడా అడిగాను. ఆవిడ జీవితమంతా వలలు లాగింది, మోసినవాళ్లలోకి రాదా అని. "వస్తుంది. ఆమె పడక ఆమె తెప్పలో ఉండేది, ఆ తెప్ప లేదు. కూతురి తెప్పలో చోటు కూతురు మోసినందుకు వచ్చింది" అంది తీర్పరి. నా వాదన నాకంటే దానికే బాగా వచ్చు.

సూరన్న తాత తన తెప్పలో ఉండలేకపోయాడు. ఇంట్లో కూర్చుని తింటుంటే మనవలు ఆ పాట పాడుతున్నారట. వాళ్లు తన గురించి పాడటం లేదని ఆయనకూ తెలుసు. అయినా మర్నాడే మళ్లీ మంచం ఎత్తుకున్నాడు. ఈసారి ఎవరూ పంపలేదు.

కార్తీక శుద్ధ షష్ఠి

వంతెన మీద నూకరత్నం ఎదురుపడితే, తేలు కుట్టిన దొంగలా పక్క పలక మీదకు తప్పుకున్నాను. ఆమె పిలిచింది.

"మాస్టారూ, తిట్టడానికి కాదు, ఆగండి. ఒక సంగతి సెప్పాల. మా యమ్మ తిండి తగ్గించేస్తంది. పెడితే సగం వెనక్కి తోసేస్తంది. దయకి కొలతుండాలంటంది. నాకు బయంగా ఉన్నాది."

"నేను మాట్లాడతాను" అన్నాను.

"వొద్దు. మీరు మాట్లాడకండి" అంది గబుక్కున. తర్వాత నొచ్చుకుని, "మీరు సబలో మాట్లాడండి, సాలు" అంది.

ఇంటికొచ్చి గౌరికి చెప్పాను. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నదంతా గౌరి అప్పుడు కక్కేసింది.

"మావా, నువ్వు ఆ సట్టానికి కారణం తెలిసి సెప్పినావా, తెలీక సెప్పినావా?"

"తెలీక."

"తెలీదన్న ముక్క అనడానికి నోరు రాలేదు. ఇంత పెద్ద కత అల్లడానికి వచ్చింది. నీ మెడలో ఆ గుడ్డ లేకపోతే నాను నిన్ను గుర్తుపట్టనా?"

బయటికి వచ్చి తెప్ప అంచున కూర్చున్నాను. నేను దిగిపోతే నా తర్వాత వచ్చేవాడు నాకంటే అన్యాయంగా ఉండొచ్చని ఒక వాదన మనసులో తయారవుతోంది. పిరికివాళ్లందరికీ దొరికే వాదనే అది. అది కూడా చాలా బాగుంది. నా బుర్ర ఇలాంటివి ఎంత సులువుగా నేస్తుందో చూస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది. వీధిలో గారడీవాడు కూడా ఆట అయ్యాక అది గారడీ అని ఒప్పుకుంటాడు.

కార్తీక పౌర్ణమి

చెప్పేశాను.

పోటు ఇంకా పూర్తిగా ఎక్కకముందే సభ తెప్పకు వెళ్లి కూర్చున్నాను. నూకరత్నం లేచి మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఒకసారి అడిగిన చట్టాన్ని వెంటనే మళ్లీ అడగకూడదని దాలినాయుడు అడ్డుపడబోయాడు. అలాంటి చట్టం లేదని తీర్పరే చెప్పింది.

"తెలియదు" అన్నాను.

సరిగ్గా వినబడలేదని వెనకనుంచి ఎవరో అరిచారు. మళ్లీ అన్నాను. "పడక చట్టం ఇప్పుడు ఎందుకుండాలో నాకు తెలియదు. పోయిన పౌర్ణమికీ తెలియదు. అప్పుడు నేను చెప్పింది కారణం కాదు. అడిగితే చెప్పలేకపోయాడనిపించుకోవడం ఇష్టంలేక అల్లిన మాటలు. మోసేవాళ్లకే చోటన్నది అబద్ధం. ఎవరి మీదా ప్రేమతో గానీ, ఎవరి మీదా కోపంతో గానీ చెప్పింది కూడా కాదు. బాగుందని చెప్పాను."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరూ తిట్టలేదు. ఆ సున్నపు రాతలు రాసినవాళ్లు, పక్క తెప్ప ఆవిడ, అందరూ చూపు తిప్పుకున్నారు. నేను వాళ్లనేదో మోసం చేసినట్టు కాదు, వాళ్ల చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు.

"పడక చట్టం నిద్రపోయింది" అంది తీర్పరి. "దాని కారణం కూడా తీసేస్తున్నాను. సత్రంలో ఉన్నవాళ్లు తమను రమ్మన్నవాళ్ల తెప్పలకు వెళ్లవచ్చు."

కండువా గంటకు కట్టాను. ముడి సరిగా పడక రెండుసార్లు జారింది. దాలినాయుడు వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఆయన అంత మర్యాద చేస్తాడనుకోలేదు.

వస్తూ వస్తూ నూకరత్నం మొహం చూశాను. ఏడుస్తూ నవ్వుతోంది, పడవ తాడు అప్పుడే విప్పేస్తోంది. నా గుండె తేలికపడింది. ఎంత గొప్పగా ఒప్పుకున్నాను అని కూడా ఓ క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని దాచకుండా రాస్తున్నాను.

కార్తీక బహుళ పాడ్యమి

ఇక హేతువరిని కాను. ఈ దినచర్య నేను రాయకూడదు. అయినా నిన్నటితో ఆపేస్తే చదివేవాళ్లు కథ సుఖాంతమయిందనుకుంటారు.

పొద్దెక్కాక నూకరత్నం మా తెప్పకు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మా యమ్మ రానంటంది. మీరు రండి మాస్టారూ. ఇప్పుడు మీరే మాట్లాడాల."

సత్రంలోకి నేను అంతకుముందు అడుగుపెట్టలేదు. ఊరికి దయ అంటే ఏమిటో ఉపన్యాసం చెప్పినవాణ్ణి, దాని గడప తొక్కలేదు. పొడుగాటి గది, రెండు వైపులా మంచాలు. మూర్ఛల పిల్లను తల్లి నిన్ననే ఎత్తుకుని వెళ్లిపోయిందట. ముసలివాళ్లు ఒక్కరూ కదల్లేదు. సూరన్న తాత నా అడుగుల చప్పుడు విని దణ్ణం పెట్టాడు.

ఎర్నమ్మ గోడకు చేరగిలబడి ఉంది. చేతులు చాలా పెద్దవి, ఒళ్లు మాత్రం చిక్కిపోయింది. మంచం పక్కన కూతురు సర్దిన మూట ఉంది.

"వచ్చినావా నాయనా! కూకో. నీ కొలువు పోనాదంట కదా. నా వల్లే."

"మీ వల్ల కాదమ్మా. నేను తప్పు చెప్పాను. చట్టం పోయింది. మీ కూతురితో వెళ్లండి."

"సట్టం పోతే పోనాది. సట్టం కోసం నాను ఉండిపోనేదు. నీ మాట కోసం ఉండిపోనాను." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "కాళ్లు పోనకాడ్నించి నాకొకటే దిగులు. తిని కూకుంటన్నాను, నానెందుకున్నాను అనీసి. ఎవుల్ని అడిగినా, అలాగనకే ఎర్నమ్మా అన్నోలే గానీ, సెప్పినోలు నేరు. నువ్వు సెప్పినావు. మనసు కుదుటపడిపోనాది."

"అది అబద్ధం అమ్మా. నేను అల్లింది. మీరు చేసిన పనికీ, మీకుండే చోటుకూ సంబంధం లేదు. మీరు ఉంటే చాలు, అంతే. దానికి కారణం అక్కర్లేదు."

జీవితంలో నేను చెప్పిన నిజమైన మాట బహుశా అదొక్కటే. చప్పగా ఉంది. ఎవరూ గోడ మీద రాసుకునేలా లేదు.

ఎర్నమ్మ నవ్వింది. చిన్నపిల్లవాడి మొహం చూసి నవ్వినట్టు నవ్వింది. "దయతో అంటన్నావు" అంది.

 ఇక నేను ఏం చెప్పినా ఆవిడకు అది దయే. ఆ తలుపు వేసి, గొళ్లెం బిగించింది నేనే.

నూకరత్నం తల్లి ఒళ్లో తల పెట్టి, "నాకు బరువు కాదే అమ్మా, నాకు బరువు కాదే" అని వెక్కుతోంది. ఎర్నమ్మ ఆ తల నిమురుతూనే ఉంది. నిమురుతూనే నావైపు తిరిగింది.

"అంత దూరం వచ్చినావు గదా నాయనా. సబకి నన్ను మోసుకెల్లినోలు నేరు, ఒకలు సెప్తే ఒకలు ఇన్నదే గానీ నీ నోట ఇన్నేదు. ఆ మోసేవోల మాట ఒక్కపాలి సెప్పు, ఇంటాను."

ఆ చివర మంచం మీద ఎవరో దుప్పటి తీసి లేచి కూర్చున్నారు. తర్వాత ఇంకొకరు. నేను చెబుతానేమోనని సత్రమంతా నా వైపు తిరిగి కూర్చుంది.